ప్రతి ఆదివారం వచ్చినాయన

నవల ఏమైంది, ఎప్పుడు పోస్ట్ చేస్తావ్ అని అందరూ అడుగుతున్నారు. తప్పు నాదే. సెయిజి మినెగిషి నవల "ఎవరూ రాని ఆదివారం" తెలుగులోకి తెస్తున్నా అని ఊరంతా టముకేసుకుంది నేనే. సగం అయిపోయింది, సగం దగ్గరే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్తా. 

మినెగిషి ఎవరంటే, జపాన్‌లో సైకియాట్రిస్ట్. పొద్దున పేషెంట్లని చూసేవాడు, సాయంత్రం నవలలు రాసేవాడు. డెబ్భైల్లో కుర్ర డాక్టర్‌గా ట్రైనింగ్‌కని అమెరికా వచ్చాడు, వచ్చింది కూడా మా మిషిగన్‌కే. ఇక్కడ అప్పట్లో ఉన్న ఒక పెద్ద స్టేట్ హాస్పిటల్లో, మానసిక రోగుల వార్డులో పనిచేశాడు. ఆ బిల్డింగ్ ఇప్పుడు లేదు, కూలగొట్టి ఇళ్ళు కట్టేశారు. వెనక్కి వెళ్ళిపోయాక ఆ రోజుల మీదే ఈ నవల రాశాడు. నేను ఇంజనీరింగ్ సెకండియర్‌లో ఉండగా దిల్‌సుఖ్‌నగర్‌లో పాత పుస్తకాల బండి మీద దీని ఇంగ్లీష్ కాపీ దొరికింది. బస్టాప్‌లో నిలబడి మొదలుపెట్టా, ఎక్కాల్సిన బస్సులన్నీ నా ముందే వెళ్ళిపోయాయి. ఎంఎస్‌కి మిషిగన్ యూనివర్సిటీల్లోనే అప్లై చేయడానికి కూడా ఇదే కారణం, ఈ మాట ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆఫీస్‌లో నిశాంత్ అయితే మినెగిషిని "మీ ఆయన" అంటాడు. మీ ఆయన ఈ రోజు ఏం రాశాడు అని లంచ్‌లో ఏడిపిస్తాడు.

నవల్లో కథ ఇది. ఇంగ్లీష్ సరిగా రాని ఒక జపాన్ డాక్టర్, ఇంగ్లీష్ సరిగా రాని ఒక ఇండియన్ పేషెంట్. బిడ్డ పోయాక ఆమె మాట్లాడటం మానేస్తుంది, హాస్పిటల్లో చేరుస్తారు. మెల్లగా మాటలొస్తాయి గానీ భర్తని మాత్రం పూర్తిగా మర్చిపోతుంది. భర్త ప్రతి ఆదివారం టిఫిన్ డబ్బా పట్టుకుని వస్తాడు, ఆమె మొహం తిప్పేసుకుంటుంది. ఆమె లెక్కలో ఎవరూ రాలేదు. అందుకే ఆ టైటిల్. చివర్లో ఆమె మంచులోకి నడిచి వెళ్ళిపోతుంది, ఇక కనబడదు. ఆ చివరి పేజీ నేను ఎన్నిసార్లు చదివానో, ఎన్నిసార్లు ఏడ్చానో.

ఇప్పుడు లీల ఆంటీ గురించి. ఫార్మింగ్టన్ హిల్స్‌లో నేను అద్దెకుండే ఇల్లు వాళ్ళది. ఆంటీ, హరనాథ్ అంకుల్ ఇద్దరే ఉంటారు, కూతురు చరిత ఫ్రిస్కోలో సెటిలైంది, తన గదే నాకిచ్చారు. అంకుల్ కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీర్‌గా చేసి రిటైరయ్యారు. మనిషి మెత్తన. డాక్టర్ రోజుకి రెండు మైళ్ళు నడవమంటే వానలో కూడా నడిచొచ్చే రకం. ఆంటీది తెనాలి దగ్గర. క్రెడిట్ యూనియన్ బ్యాంకులో చాలాకాలం కౌంటర్‌లో పనిచేశారు. ఇంగ్లీష్ నాకంటే బాగా మాట్లాడతారు, తెలుగైతే ఇక చెప్పక్కర్లేదు. నేను తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా పదో తరగతిదాకా చదివిన బాపతు. అందుకే రాసిన ప్రతి చాప్టరూ కిచెన్ టేబుల్ దగ్గర కూర్చుని ఆంటీకి చదివి వినిపించేదాన్ని, ఆవిడ దిద్దేవారు. "అవలోకించింది అంటే ఎవరికి అర్థమవుద్దమ్మా, చూసింది అని రాయి" అనేవారు. "నీ తెలుగు సూట్ వేసుకుని వంటింట్లోకి వచ్చినట్టుంది" అని కూడా అన్నారొకసారి. కథ గురించి మాత్రం ఏమీ అనేవారు కాదు. మొదటి చాప్టర్లన్నీ డాక్టర్ ఊరు, వాళ్ళమ్మ, ఓడరేవు, అమెరికాలో దిగడం. హాస్పిటల్ ఇంకా రాలేదు. కథ మొత్తం ముందే చెప్పేస్తే మజా పోతుందని నేనూ చెప్పలేదు.

హాస్పిటల్ చాప్టర్ ఒక శనివారం మధ్యాహ్నం చదివా. ఆంటీ గోరుచిక్కుడు తుంచుతున్నారు. బయట అంకుల్ లాన్ మూవర్ తోస్తున్నారు, ఆ చప్పుడుకి నేను కాస్త గట్టిగానే చదువుతున్నా. నవల్లో అందరూ మెచ్చుకునే ముక్క అది, నేను రంగు పెన్నుతో గీతలు గీసుకున్న ముక్క.

"రోజూ పొద్దున ఆమెని ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి. నీ భర్త పేరేంటి? ఆమె నేలకేసి చూసి నవ్వేది. ఆ నవ్వులో ఎవరూ లేరు. చివరికొక రోజు జవాబు చెప్పింది. నా భర్త మెడలో పాము ఉంటుంది, నెత్తి మీద చంద్రుడు ఉంటాడు, అంది. ఆమెకి ఇప్పుడు మనిషి భర్త లేడు. దేవుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఒక మనిషిని ఇంత శుభ్రంగా తుడిచేయడం సాధ్యమని నాకు అప్పటిదాకా తెలీదు."

చదివి తలెత్తి చూశా, ఎలా ఉంది అన్నట్టు. ఆంటీ తుంచడం ఆపేశారు.

"నవ్వడం కాదు" అన్నారు. "సిగ్గు."

నేను ఆవిడ కరెక్షన్ చెబుతున్నారనుకుని పెన్ను తీశా. నవ్వేది కొట్టేసి సిగ్గుపడేది అని రాయబోతున్నా.

"చెప్పానుగా పేరు" అన్నారు ఆంటీ, నాతో కాదు, చేతిలో కాయతో అంటున్నట్టు. "పాము అని చెప్పాను, చంద్రుడు అని చెప్పాను. ఇంకెలా చెప్తారు?"

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. పాము, చంద్రుడు అంటే శివుడు. హరుడు. బయట మూవర్ ఆగింది. కిటికీలోంచి హరనాథ్ అంకుల్ టోపీ తీసి నుదురు తుడుచుకోవడం కనబడుతోంది.

నేనేదో అన్నా, ఏమన్నానో గుర్తు లేదు. ఆంటీ అడిగారు, ఆ డాక్టర్‌కి ఎడమ చెవి కింద ఇంత పుట్టుమచ్చ ఉంటుందా అని. నా ఫోన్‌లో ఆయన ఫొటోలు బోలెడున్నాయి. ఒకటి జూమ్ చేశా. ఉంది. ఎన్నేళ్ళుగానో వాల్‌పేపర్‌గా పెట్టుకున్న మొహం, ఆ మచ్చని నేనెప్పుడూ చూడనే లేదు.

ఆంటీ తక్కువ మాటల్లోనే చెప్పారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో, ఇక్కడే, తొలి కాన్పు. మగబిడ్డ. పుట్టి ఒక పూట కూడా లేడు. ఆ తర్వాత నోరు పెగల్లేదట, తినాలనిపించలేదట. మంచు మొదలయ్యే ముందు తీసుకెళ్ళి చేర్చారు, మంచంతా కరిగి చెట్లు పూశాక గానీ పంపలేదు. మందులకి చేతులు వణికేవి, అన్నం ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. ఆ జపాన్ డాక్టర్ మంచివాడేనట, చాలా ఓపిగ్గా ఉండేవాడట, కానీ రోజూ ఆ ఒక్క ప్రశ్నే. మొగుడి పేరు చెప్తే ఆయుష్షు తగ్గుద్దని ఆంటీ వాళ్ళ ఇంట్లో చిన్నప్పటి నుంచీ నేర్పిన మాట. మరీ ఆయన అడిగి అడిగి చంపుతుంటే, ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరైనా అడిగితే ఎలా చెప్తారో అలా గుర్తులు చెప్పారు.

నేను ఆగలేక అడిగేశా, హాస్పిటల్ కదా ఆంటీ, ఒక్కసారి చెప్పేస్తే పోయేది కదా అని. మా మమ్మీ డాడీని శ్రీనూ అని కేకేస్తుంది, నాకేం తెలుసు.

"అప్పటికే ఇంట్లో ఒక ప్రాణం పోయిందమ్మాయ్" అన్నారు. "ఇంకో ప్రాణం మీదికి నా నోటితో తెచ్చుకుంటానా?"

 ఆ ముక్క కింద నేను గీతలు గీశా. పక్కన గుండె బొమ్మ వేశా. పిచ్చిలో కూడా ఎంత అందమైన ఊహ, తనని తాను పార్వతి అనుకుంటోంది అని మార్జిన్‌లో రాసుకున్నా. జపాన్ డాక్టర్‌కి తెలీకపోవడం వేరు. శివరాత్రికి గుడికెళ్ళే తెలుగు పిల్లని, నాకేమైంది?

"అయితే అందుకా నన్ను అన్నాళ్ళు పంపలేదు?" అని ఆంటీ అడిగారు. ఇన్నేళ్ళూ ఆవిడ ఏడుపు వల్ల ఉంచారనుకున్నారట.  తర్వాత పేజీలో ఏముందో చదవమన్నారు. నేను వద్దన్నా. చదువు అన్నారు. చదివా.

"మీరెవరో ఆమెకి తెలీదు, అని వరండాలో ఆమె భర్తకి చెప్పాను. ఇంటికెళ్ళాక కూడా ఈ రోజుల గురించి ఎప్పుడూ అడగకండి, అడిగితే జబ్బు తిరగబెడుతుంది. అతను తలూపాడు. చేతిలో టిఫిన్ డబ్బా అలాగే ఉంది."

ఆంటీ మొహం అప్పుడు మారింది. తన గురించి విన్నప్పుడు కూడా అంత మారలేదు. "ఆయనకి ఇలా చెప్పాడా?" అన్నారు. మళ్ళీ అదే అన్నారు. అంకుల్ ఆ రోజుల ఊసు ఒక్కసారి కూడా ఎత్తకపోవడం ఆయన మంచితనం అనుకున్నారట ఇన్నాళ్ళూ. ఇప్పుడు తెలిసింది, డాక్టర్ వద్దన్నాడు కాబట్టి ఎత్తలేదు. అంటే తను ఆయన్ని మర్చిపోయిందని నమ్మి ఆయన ఇంతకాలం కాపురం చేశారు.

మీరే చెప్పేయండి ఆంటీ, ఇప్పుడే వెళ్ళి చెప్పేయండి అన్నా. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "నేను చెబితే ఊరడించడానికి చెబుతున్నా అనుకుంటారు. మీ అంకుల్ సంగతి తెలుసుగా, జ్వరమొచ్చిందని నేనంటే నమ్మరు, థర్మామీటర్ చెప్పాలి. ఆ డాక్టరే చెప్పాలి."

ఆ డాక్టర్ అప్పటికే మిషిగన్‌లో ఉన్నాడు. ఇది ఆంటీకి నేనే చెప్పా, తర్వాత నాలుక కొరుక్కున్నా. మినెగిషి అల్లుడు పక్క ఊరు నోవైలో జపాన్ కంపెనీలో పనిచేస్తాడు, కూతుర్ని చూడటానికి ఈయన వచ్చాడు, నవల కొత్త ఎడిషన్ వచ్చిందని ఊళ్ళో లైబ్రరీ వాళ్ళు మీటింగ్ పెట్టారు. నేను ఎప్పుడో రిజిస్టర్ చేసుకున్నా. ట్రాన్స్‌లేషన్‌కి పర్మిషన్ ఇస్తూ ఆయన రాసిన ఈమెయిల్ నాకు కంఠతా వచ్చు. ఏ చీర కట్టుకోవాలా, ఆయనతో జపనీస్‌లో మొదటి మాట ఏమనాలా అని నెల నుంచీ ప్రాక్టీస్ చేస్తున్నా. ఇప్పుడా మీటింగ్‌కి ఆంటీ వస్తానంటున్నారు, అంకుల్‌ని కూడా తీసుకుని.

అంకుల్‌కి ఆంటీ ఏమీ చెప్పలేదు, నా పేరు చెప్పి, మన దేదీప్య అభిమాన రచయిత అని మాత్రం అన్నారు. ఆయనే డ్రైవ్ చేశారు. దారంతా నాకు రెండు భయాలు. ఒక పక్క ఆంటీ కోసం భయం, ఇంకో పక్క, సిగ్గులేకుండా చెప్తున్నా, ఆయన కోసం కూడా భయం. తెలీక చేసిన తప్పు కదా, పెద్దాయన కదా, అందరి ముందూ తల దించుకోవాల్సి వస్తుందే అని.

చిన్న హాలు, మడత కుర్చీలు. సగం మంది జపాన్ వాళ్ళు, కొందరు అమెరికన్ ముసలివాళ్ళు. మినెగిషి లోపలికి రాగానే అంకుల్ గబుక్కున లేచి నిలబడ్డారు. ఒక్క చూపులో గుర్తుపట్టేశారు. దూరం నుంచే దణ్ణం పెట్టి, నా చెవిలో అన్నారు, ఈయన మా డాక్టర్‌గారమ్మా, మీ ఆంటీని బతికించింది ఈయనే అని. ఆంటీ ముందుకే చూస్తున్నారు.

ఆయన మెల్లగా, విరిగిన ఇంగ్లీష్‌లో మాట్లాడాడు. సైకియాట్రిస్ట్ అంటే వినడం నేర్చుకున్నవాడు, నవలాకారుడు కూడా అంతే అన్నాడు. జనం తలూపారు. ఇంకో రోజైతే నేను నోట్ చేసుకునేదాన్ని.

తర్వాత సంతకాల లైను. ఆంటీ ముందు, నేను పక్కన, అంకుల్ వెనక మా అందరి కోట్లూ చేతుల మీద వేసుకుని. మినెగిషి తలెత్తకుండానే ఏ పేరు రాయాలని అడిగాడు. లీల, అన్నారు ఆంటీ. పెన్ను ఎల్ దాకా వచ్చి ఆగింది. ఆయన తలెత్తి చూశాడు. ఎంతసేపు చూశాడో. వెనక లైన్లో ఉన్నవాళ్ళు కదలడం మొదలుపెట్టారు.

ఆంటీ ఇంగ్లీష్‌లోనే మాట్లాడారు, కౌంటర్‌లో కస్టమర్‌తో మాట్లాడినట్టు, నెమ్మదిగా. మీరు రోజూ నా భర్త పేరు అడిగేవారు, మా వైపు ఆడవాళ్ళు భర్త పేరు చెప్పరు, నేను మర్చిపోలేదు, పాము, చంద్రుడు అన్నది ఆయన పేరుకి గుర్తే, ఈ ఒక్క మాట మీరు ఆయనకి చెప్పండి అన్నారు. వెనక్కి తిరిగి అంకుల్‌ని చూపించారు.

నేను ఆయన మొహమే చూస్తున్నా. ఆశ్చర్యపోతాడు, అయ్యో అంటాడు అనుకుంటున్నా. ఆయన పెన్ను మూత పెట్టాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

అదీ ఇంగ్లీష్‌లోనే, చాలా చిన్నగా. తర్వాత ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పాడు. జపాన్ వెళ్ళాక, నవల దాదాపు పూర్తయ్యాక, ఒక మ్యూజియంలో ఇండియన్ బొమ్మ చూశాడట. మెడలో పాము, జడల్లో చంద్రుడు. కింద ఆ దేవుడి పేర్లు వరసగా రాసున్నాయి. అందులో హర అన్న పేరు ఉందట. ప్రతి ఆదివారం విజిటర్ల రిజిస్టర్‌లో చూసిన పేరు మొదలయ్యేది దాంతోనే. వాళ్ళ నాయనమ్మ కూడా బతికినన్నాళ్ళూ తాతని పేరు పెట్టి పిలవలేదట. ఆ క్షణంలో అంతా అర్థమైందట.

"అప్పటికి పుస్తకం ఇంకా అచ్చుకి పోలేదు" అన్నాడు. "కానీ ఆ చాప్టర్ తీసేస్తే నవల లేదు. మీరు ఇంటికి వెళ్ళిపోయారు, బాగానే ఉన్నారు అనుకున్నాను."

నా చేతిలో పుస్తకం ఉంది. అదే, దిల్‌సుఖ్‌నగర్ కాపీ.  తెలీక కాదు. తెలిసే. ప్రైజులొచ్చినప్పుడు తెలుసు, ఇంటర్వ్యూలిచ్చినప్పుడు తెలుసు, నాకు పర్మిషన్ ఇస్తూ ఈమెయిల్ రాసినప్పుడు తెలుసు. ఒక కార్డు ముక్క చాలు, హాస్పిటల్లో రాసుకున్న వాళ్ళ అడ్రస్‌కి ఒక్క లైను. సార్ ఎందుకు రాయలేదు అని అడగనే లేదు. నెల రోజులు ప్రాక్టీస్ చేసిన జపనీస్ మాట కూడా అనలేదు.

ఆయన లేచి, టేబుల్ పక్కకి వచ్చి, అంకుల్ ముందు నడుము దాకా వంగాడు. కూతురు కంగారుగా పరిగెత్తుకొచ్చి నాన్న భుజం పట్టుకుంది. ఆయన లేవలేదు. అంకుల్ చేతుల నిండా కోట్లు, ఏం చేయాలో తెలీడం లేదు ఆయనకి. కోపం వస్తుందేమో అని చూశా. రాలేదు.

"డాక్టర్, మీరు అడగొద్దన్నారు" అన్నారు అంకుల్, చాలా మర్యాదగా. "నేను అడగలేదు."

అంతే అన్నారు. ఆంటీ చేయి పట్టుకుని బయటికి నడిచారు. ఆంటీ పుస్తకం టేబుల్ మీదే ఉండిపోయింది, ఎల్ ఒక్కటే రాసి. నేను వాళ్ళ వెనక దాదాపు పరిగెత్తా.

కార్‌లో అంకుల్ బెల్ట్ పెట్టుకున్నారు, తాళం తిప్పలేదు. పార్కింగ్ లాట్‌లో ఇంకా ఎండ ఉంది, ఎవరో పిల్లలు స్కేట్‌బోర్డ్ ఆడుతున్నారు. నేను వెనక సీట్లో కూర్చున్నా. దిగి వెళ్ళిపోదామా అనిపించింది, తలుపు తీస్తే చప్పుడవుతుందని ఆగిపోయా. అంతా సర్దుకుంటుంది ఇప్పుడు, ఆంటీకి కావాల్సింది దొరికింది కదా, డాక్టర్ నోటితో చెప్పించారు కదా అనుకుంటున్నా.

"మరి ఆదివారాలు నేనొచ్చినప్పుడు మొహం తిప్పుకునేదానివి కదా లీలా" అన్నారు అంకుల్, స్టీరింగ్ వైపు చూస్తూ. "నేనెవరో తెలీక అనుకున్నాను. తెలిస్తే ఎందుకు తిప్పుకున్నావ్?"

 ఆంటీ మర్చిపోయారన్న డాక్టర్ మాటే ఆయనకి నయమేమో అని అప్పుడు తట్టింది నాకు. ఆ మాట ఉంటే ఈ ప్రశ్న అక్కర్లేదు.

"బాబుని నాకు చూపించలేదు కదండీ మీరు" అన్నారు ఆంటీ. "నేను లేచేసరికి అన్నీ అయిపోయాయన్నారు. ఎక్కడ పెట్టారో కూడా చెప్పలేదు. మీ మొహం చూస్తే అదే గుర్తొచ్చేది."

నర్సు వద్దందని, చూపిస్తే తట్టుకోలేదని చెప్పిందని అంకుల్ అన్నారు. గొంతు పిల్లాడి గొంతులా ఉంది.  నర్స్ చెప్పింది, డాక్టర్ చెప్పాడు, ఈయన విన్నారు. నాకు వెనక నుంచి ఇద్దరి తలలే కనబడుతున్నాయి, రెండూ తెల్లటివి, మధ్యలో జానెడు దూరం.

"మీరు చూశారా?" అని అడిగారు ఆంటీ.

"చూశాను. ఎత్తుకున్నాను."

"ఎవరి పోలిక?"

అంకుల్ చేతులు స్టీరింగ్ మీంచి తీసేశారు. కళ్ళజోడు తీశారు, తుడవలేదు, ఒళ్ళో పెట్టుకున్నారు.

"జుట్టు ఒత్తుగా ఉంది" అన్నారు. "తడిగా ఉంది ఇంకా. ముక్కు నీదే. కుడి చేయి పిడికిలి బిగించి ఉంది, నేను వేలు పెట్టి చూశాను, తెరుచుకోలేదు. గోళ్ళు..." అని ఆగారు.

"చెప్పండి" అన్నారు ఆంటీ.

ఆయన చెప్పడం మొదలుపెట్టారు.